టెలివిజను బల్ల నెన్నుకొనుట



టెలివిజను కొనదలచినపుడు మనము పది దినములు తర్కింతుము. ఎన్ని అంగుళములది కావలయును, ఏ కంపెనీది మన్నును, రంగు లెట్లుండును, పూచీ యెన్ని సంవత్సరములు అని యిరుగుపొరుగువారి నడుగుదుము. అన్నదమ్ములకు ఫోను చేయుదుము. రెండు మూడంగళ్లు తిరుగుదుము. తీరా పెట్టె యింటికి వచ్చిన పిమ్మట దానిని దేనిమీద నిలుపవలయునను ప్రశ్న పుట్టును. అప్పుడు చేతికందిన బల్లయో, అంగడివాడు చూపిన మొదటి స్టాండో చాలుననుకొందుము. గుఱ్ఱమును పండ్లు పట్టి చూచి కొని, కట్టివేయుటకు మాత్రము పుచ్చిన గుంజను పాతినట్లుండును మన పని.

మేమును అట్లే చేసితిమి. మా యింట జరిగినదానిని ముందు చెప్పి, పిదప దానివలన నేర్చుకొన్నది చెప్పెదము.

మా వారు ఉపాధ్యాయులు. మూడేండ్ల క్రిందట బదిలీ మీద ఈ గోదావరి యొడ్డు పట్టణమునకు వచ్చి అద్దె యింట కాపురముంటిమి. ముందు గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అందు మా యత్తగారి పడక కుర్చీ, పిల్లల చాప, పుస్తకముల బీరువా. 43 అంగుళముల టెలివిజను కొని, దానికొక పెద్ద స్టాండును కూడ 9,800 రూపాయలకు తెచ్చితిమి. క్రింద రెండు వెడల్పైన సొరుగులు. వాని పైన టెలివిజను నిలుచు చోటు. దాని వెనుక 5 అడుగుల యెత్తున పలక, ఆ పలకకు ఒక అఱ. చూచుటకు కన్నుల పండువుగా నుండెను. లోతు మాత్రము 13 అంగుళములు. చిన్న గదికి లోతు తక్కువైనదే మేలని మేమే యేరితిమి. పై అఱలో సంక్రాంతి బొమ్మల కొలువునాటి కొండపల్లి అంబారీ యేనుగును నిలిపితిమి.

మా చిన్నదానికప్పుడు మూడవ యేడు. నిరుడు శ్రావణమాసమున నొక యుదయమున మేము వంటయింట నుంటిమి. అత్తగారు తులసికి నీరు పోయుటకై కుర్చీనుండి లేచి పెరటిలోనికి వెళ్లిరి. చిన్నది ఏనుగు కొఱకు క్రింది సొరుగు లాగి దానిపై నొక పాదము మోపినది. పై సొరుగు లాగి రెండవ పాదము మోపినది. మెట్లు కట్టియిచ్చినవారము మేమే గదా! ఆ బరువునకు స్టాండంతయు ముందునకు ఒరిగెను. మేము విన్నది పెద్ద చప్పుడు మాత్రమే. వచ్చి చూతుము గదా, పలక పై యంచు అత్తగారి పడక కుర్చీ చేతిమీద ఆగియున్నది. ఆ సందున బిడ్డ పడియున్నది. టెలివిజను తెఱ నేలనంటి బీటలు వాఱినది. బిడ్డ నొసట రెండు కుట్లతో బయటపడినది. కన్ను మందగించినందున అత్తగారు కుర్చీని నాలుగడుగుల దగ్గఱకు జరుపుకొనియుండిరి. కుర్చీ వెనుకనున్నచో బిడ్డ యేమగునో, వారు లేవకున్నచో వారేమగుదురో తలచుకొనిన మాకిప్పటికిని కాళ్లు వణకును.

ఇంత పలుచని టెలివిజను, 8 కిలోలు బరువు తూగనిది, అంత కీడెట్లు తెచ్చెనని మొదట మాకు తోచలేదు. మా వారు పిల్లలకు చెప్పు పాఠమునే మాకు చెప్పిరి. వస్తువు బరువంతయు ఒకచోట నున్నట్లు భావించి, అచటినుండి తిన్నగా క్రిందికొక నూలు వ్రేలాడదీయుడు. ఆ నూలు పాదముల నడుమ పడునంతవఱకు వస్తువు నిలుచును. పాదములు దాటినచో ఒరుగును. లోతు 13 అంగుళములే యైనపుడు ఆ నూలు తిరుగుటకు చోటేది? సొరుగులు రెండును తెఱచినపుడే బరువు సగము ముందునకు వచ్చియున్నది. ఆపై బిడ్డ యెక్కినది. వెనుకటి గాజు గొట్టపు టెలివిజను 20 కిలోలకు పైబడి తూగెడిది. అది మీద పడినచో దెబ్బ మఱింత ఘోరము. ఇప్పటిది తేలిక, కాని పలుచని పాదములమీద నిటారుగా నిలుచునది గనుక పసివాని చేతితోపుకే ఊగును. కాబట్టి వెనుకటిది గాని, యిప్పటిది గాని తన పీఠముతో కూడ భద్రముగా నుండిననే భద్రము. అమెరికా దేశమున వస్తుభద్రతను చూచు ప్రభుత్వ సంఘము, టెలివిజనులును బీరువాలును మీదపడి పిల్లలు మరణించుచున్నారని, వానిని గోడకు బిగింపుడని 2015వ సంవత్సరమునుండి ప్రత్యేకముగా ప్రచారము చేయుచున్నది. అది దూరదేశపు ముచ్చట యనుకొందుము. కాదు.

ఇచ్చట కొంచెము వెనుకకు పోవలసియున్నది. మన దేశమున టెలివిజను 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. 1975-76 సంవత్సరములలో ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి. ఆ యాఱింట ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికొకటే పెట్టె; ఊరంతయు నేలమీద కూర్చుండి చూడవలయును; అట్టిదానిని ఎత్తున పెట్టుట న్యాయమే. హైదరాబాదు కేంద్రము 1977లో వచ్చినది. 1987-88లో ఆదివారపు రామాయణము వచ్చుచున్నపుడు వీథిలో నొక యింట టెలివిజనున్నచో ఆ వీథివారందఱును అచటనే. మా మామగారు ఆ రామాయణము కొఱకే నలుపు తెలుపు టెలివిజను కొని, వడ్రంగిచేత టేకుతో దానికొక మందసము చేయించిరి. 20 అంగుళముల లోతు, రెండు జరుపుడు తలుపులు, తాళము. ఆ టెలివిజను ఏనాడో పోయినది. మందసము మాత్రము ప్రతి బదిలీకిని మాతో వచ్చి, ప్రతి యింటను అటకమీద నుండెడిది. దాని నమ్మివేయుదమని మేము పలుమాఱు లంటిమి. అత్తగారు వినలేదు. వినకపోవుటయే మేలైనది.

పడిపోయిన స్టాండును బాగుచేయుటకు వచ్చిన వడ్రంగి దాని విఱిగిన మూలను గోటితో గీకి చూపెను. పొడి రాలెను. “అమ్మగారూ, ఇది చెక్క కాదండి, రంపపు పొట్టండి. జిగురేసి అదిమేరండి. ఓసారి స్క్రూ ఊడితే మళ్లీ అక్కడ పట్టదండి,” అనెను. అంగడిలో దీనిని మాకు “టేకు ఫినిషు” అని చెప్పిరి. ఫినిషనగా రంగు మాత్రమేయని, పైన టేకు గీతలు ముద్రించిన కాగితమంటించుటయని అప్పుడెఱిగితిమి. సోదరీమణులారా, రత్నశాస్త్రములో కాచమును మణిగా చూపువారిని గుఱించి పెద్దలు హెచ్చరించిరి. కలప విషయమున మనల హెచ్చరించువారు లేరు.

అంగడిలో నేడు దొరకు స్టాండ్లు తఱచుగా నాలుగు విధములైన పదార్థములతో నుండును. మొదటిది వడ్రంగి చెప్పిన పొట్టు పలక. పార్టికిల్ బోర్డని పిలుతురు. చవుక. ఎండిన చోట కదలక యున్నచో కొన్నేండ్లు పనిచేయును. దీనికి రెండు శత్రువులు: నీరు, బదిలీ. మన యిండ్లలో శుక్రవారము నాడు నీళ్లు కొట్టి కడుగుట ఆచారము గదా. ఆ తడి పలక యడుగంచున కాగితమంటించని చోట చేరి, పొట్టు ఉబ్బి, పెనము మీది యట్టువలె పొంగును. పొంగినది మరల అణగదు. ఇక బదిలీ సంగతి. విప్పి మరల బిగించు ప్రతిమాఱును స్క్రూ రంధ్రము వదులగును. రెండు మూడిండ్లు మాఱిన స్టాండు తాళము వేయని గానమువలె ఊగులాడును. నాలుగేండ్లకొక యూరు మాఱు మా వంటివారు దీనిని కొనుట సొమ్ము దండుగ.

రెండవది ఎం.డి.ఎఫ్. అనునది, పొట్టుకంటె మెత్తని నారతో చేసినది గనుక నునుపు ఎక్కువ, రంగు చక్కగా పట్టును. నీటికి ఇదియు లొంగును. మూడవది ప్లైవుడ్డు. పలుచని కఱ్ఱ పొరలను ఒకదాని నార నిలువుగను, మఱియొకదాని నార అడ్డముగను పేర్చి యంటించినది గనుక సులభముగా చీలదు, వంగదు, స్క్రూను గట్టిగా పట్టును. దీనిపై భారత ప్రమాణముల ముద్ర చూడుడు. 303 అంకె సాధారణపు వాడుకకు. 710 అంకె నీటికి మిక్కిలి ఓర్చునది, ఓడలకు సైతము తగినదని చెప్పబడునది. తడి నేల గల యింట క్రింది పలకకైనను 710 వేయించుట మంచిది. నాలుగవది అసలు కఱ్ఱ. అందు టేకునకు సాటి లేదు. అయితే టేకులోను చేవయే చెదలకు లొంగనిది, చేవ చుట్టునున్న తెల్లచెక్కను చెద లుపేక్షింపదు. కలప అడితికి పోయినపుడు ముదురు రంగు భాగమెంత, తెల్లనిదెంత అని చూచి కొనవలయును. అంతటి సొమ్ము లేనివారు వేపకఱ్ఱయో, ఇనుప చట్రముమీద ప్లైవుడ్డు పలకయో వేయించుకొనిన చాలును. అందు చిన్నతనమేమియు లేదు. వాసన సంగతి ఒకటి చెప్పి ముగింతుము. జిగురుతో చేసిన క్రొత్త పలకలు కొన్నిటినుండి ఫార్మాల్డిహైడు అను ఘాటైన వాయువు వెలువడుచుండును. అంగడిలో సొరుగు తెఱచి ముఖము దగ్గఱ పెట్టుడు. కన్ను మండినచో పసిపిల్లలున్న యింటికి దానిని తేకుడు.

మా స్టాండును కొన్ననాడు మేము దానిని తడవి చూచితిమే గాని పరీక్షింపలేదు. ఇప్పుడైనచో ఇట్లు చేయుదుము. సొరుగులన్నియు ఒకేమాఱు బయటికి లాగి, ముందంచును అరచేతితో క్రిందికి నొక్కుదుము. వెనుక పాదము లేచినచో అక్కడనే నమస్కారము. వెనుకవైపునకు పోయి చూతుము. వెనుక పలక చిన్న మేకులతో నంటించిన అట్టముక్కయైనచో ఆ స్టాండు ప్రక్కకు ఒరుగును. నాలుగడుగుల పొడవు గల పై పలకకు నడుమ ఊతమున్నదో లేదో వంగి చూతుము. ఊతము లేని పొట్టు పలక కొన్నాళ్లకు బరువు క్రింద ఉట్టి త్రాడువలె దిగబడును. అంగడివాడు నవ్వినను నవ్వనిండు. మేము వంకాయను గిల్లి చూచి కొందుము, పదివేల రూపాయల వస్తువును గిల్లరాదా?

ఎత్తు విషయమున మన యిండ్లకొక చిక్కు కలదు. ఇంగ్లీషు పుస్తకములలో అందఱును సోఫాలో కూర్చుందురనియే లెక్క. మన యింట అత్తగారు కుర్చీలోను, పిల్లలు చాపమీదను, మనము వంటయింటి గడపమీదను గదా. పొరుగున ఒకరు టెలివిజనును గోడకు ఆఱడుగుల యెత్తున బిగించుకొనిరి. చూపఱకు దర్బారువలె నుండును గాని, ఆ యింటి పెద్దామె సీరియలు ముగియునప్పటికి మెడ నిమురుకొనుచుండును. తెఱ నడిమి భాగము కూర్చున్నవారి కంటికి సమముగనో, కొంచెము దిగువగనో యుండవలయును. పైకి చూచుటకంటె క్రిందికి చూచుట మెడకు సుఖము. దీనిని కొలుచుటకు పుస్తకమక్కఱలేదు. ఎవరి చోట వారిని కూర్చుండబెట్టి, కంటికి సరియైన యెత్తున గోడమీద సుద్దతో గీత గీయుడు. మా యింట పిల్లల గీత 29 అంగుళములు, అత్తగారిది 40 అంగుళములు వచ్చెను. నడుమ 35 అంగుళముల యొద్ద తెఱ నడుము నుంచదలచితిమి. 43 అంగుళముల టెలివిజను సుమారు 37 అంగుళముల వెడల్పు, 21 అంగుళముల యెత్తు ఉండును. మనము చెప్పుకొను 43 మూలనుండి మూలకు కొలత. పాదములతో కలిపి తెఱ నడుము బల్లపైనుండి 13 అంగుళములగును. కాబట్టి బల్ల 22 అంగుళములు చాలును. బల్ల పొడవు టెలివిజనుకంటె ఇరువైపుల నాలుగైదంగుళములైనను ఎక్కువ యుండవలయును. లేనిచో పోవువారి మోచేయి తెఱకు తగులును.

దూరము తెఱ కొలతకు ఒకటిన్నర మొదలు రెండున్నర రెట్లవఱకు ఉండవచ్చును. 43 అంగుళములకు అది ఐదున్నర యడుగులనుండి తొమ్మిది యడుగులవఱకు వచ్చును. నాలుగడుగులలో కూర్చున్న అత్తగారికి కావలసినది పెద్ద తెఱ కాదు, క్రొత్త కళ్లజోడని ఈ కొలతల వలన తెలిసినది. కంటి వైద్యునికి చూపించితిమి. కుర్చీ ఇప్పుడు ఏడడుగులలో నున్నది. ఇక దిక్కు మాట. వాస్తు చెప్పువారు ఆగ్నేయమనిరి. మా యింట ఆగ్నేయపు మూలకెదురుగా పెద్ద కిటికీ యున్నది. సాయంకాలపు టెండ తెఱమీద పడి కథానాయిక ముఖమునకు మాఱు మా పెరటి జామచెట్టు కనబడుచుండెను. పెద్దల మాటను కాదనక, కిటికీకి ప్రక్కగా వచ్చునట్లు దక్షిణపు గోడకు జరిపితిమి.

బల్ల పాదములు నేలనుండి ఐదంగుళములైనను పైకి ఉండవలయునని మా పట్టుదల. చీపురు దూరని చోట చీమయు బొద్దింకయు కాపురముండును. సెట్‌టాప్ పెట్టె పనిచేయునపుడు వెచ్చనగును. ఆ వెచ్చదనమునకు బల్లియు చేరును. కాబట్టి దానినుంచు అఱకు వెనుక తెఱపి యుండవలయును. పైన గుడ్డ కప్పరాదు. తీగలు పోవుటకు వెనుక రంధ్రము, ప్లగ్గులు గుచ్చు పెట్టె నేలమీద గాక బల్ల వెనుక గోడ కంటి యుండుట అవసరము. కడుగు నీరు అక్కడికి పోరాదు.

ఇక మేమేమి చేసితిమో చెప్పెదము. వడ్రంగి అటకమీది మందసమును దింపి దులిపి చూచి, కొంతసేపు మాటాడలేదు. తరువాత “ఇలాంటి చేవ ఇప్పుడెక్కడిదండీ, దీన్ని అటకెక్కించేరా?” అని మమ్మే కోప్పడెను. అత్తగారు మావంక చూచిరి. మేము తల వంచుకొంటిమి. మందసము వెడల్పు క్రొత్త తెఱకు చాలదు. దాని ప్రక్క పలకలు, పాదములు, తలుపులు ఊడదీసి, పైకి మాత్రము 710 ప్లైవుడ్డు వేసి, 48 అంగుళముల పొడవు, 20 అంగుళముల లోతు, 22 అంగుళముల యెత్తు గల బల్ల చేసెను. వెనుక పలక లేదు, పై అఱ లేదు, సొరుగులు లేవు. నడుమ నొక అఱకు మాత్రము మామగారి జరుపుడు తలుపులు, ఆ పాత తాళము అమర్చెను. ఆ భాగమునకు వెనుకవైపు తెఱపియే. కూలి, సామాను కలిపి 11,400 రూపాయలైనవి. మొదటనే ఈ పని చేసియున్నచో 9,800 రూపాయలును, పగిలిన తెఱయును మిగిలెడివి.

అటుపిమ్మట గోడకు బిగించుట. బల్లకు రెండు, టెలివిజను వెనుక రంధ్రములకు రెండు గట్టి పట్టీలు వేసి ఇటుక గోడకు ప్లగ్గు దిగగొట్టి స్క్రూతో బిగింపవలయును. సున్నపు పూత మందము మేరకే దిగిన స్క్రూ బిగింపు క్రిందకు రాదు, ఇటుకలోనికి పోవలయును. ఇంటి యజమాని గోడకు రంధ్రములు వేయరాదని వ్రాయించుకొనియుండిరి. మా వారు వెళ్లి యడిగి రిత్తచేతులతో వచ్చిరి. మఱునాడు అత్తగారు చిన్నదానిని చంక బెట్టుకొని వెళ్లిరి. ఏమనిరో మాకు చెప్పలేదు. యజమానిగారే డ్రిల్లింగు యంత్రముతో వచ్చి నాలుగు రంధ్రములును వేసిపోయిరి. అద్దె యిండ్లలో నుండు సోదరీమణులకు మేము చెప్పునదొకటే: అడుగుటకు మొగమాటపడకుడు, ఇల్లు విడుచునాడు పూడ్చి యిత్తుమని మాట యిండు, నాలుగు రంధ్రములకు పూడ్పు కూలి యెంత?

ఏనుగును పుస్తకముల బీరువా క్రింది యఱలోనికి, చిన్నదాని చేతికందు చోటికి దింపితిమి. అది పట్టిన యాసయంతయు దానిని అందుకొనుటయందే. అందిన రెండవ నాడే దానికి మోజు తీఱినది. రిమోటును గాని, మిఠాయిని గాని, బొమ్మను గాని టెలివిజను దాపున ఎత్తున నుంచుట యెక్కుమని పిలుచుటయే.

సెట్‌టాప్ పెట్టెను తలుపుల యఱలో నుంచితిమి. రిమోటు పంపు కిరణము కఱ్ఱను దాటిపోదు. తలుపులు మూసినచో బొత్తాములెన్ని నొక్కినను పెట్టె వినదు. తలుపులు మూసియే చూడదలచువారు పేము అల్లిక తలుపు వేయించుకొందురు. దాని సందులలో కిరణము దూఱును, గాలియు ఆడును. వడ్రంగి మాకును అట్లే చేసెదనన్నపుడు అత్తగారు వలదని ఖండితముగా చెప్పిరి. ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటలకు వారే లేచి, రిమోటును లోపల పెట్టి, తలుపులు జరిపి, మామగారి తాళము వేసి, తాళపుచెవిని కొంగున ముడివేసికొనుచున్నారు. మా పెద్దవాడు తొమ్మిదేండ్లవాడు; క్రికెట్టు నడుచు దినములలో బామ్మ కొంగు చుట్టును తిరుగుచున్నాడు. ఇంతవఱకు ఫలింపలేదు.